కారు ఖర్చు ఐటీ రిటర్న్‌లో: అంచనా లాభమా, అసలు లెక్కలా?

రిటర్న్‌ల సీజన్ మొదలైతే తిరుపతిలో ఏ ఆడిటర్ ఆఫీసులో కూర్చున్నా ఈ ప్రశ్న వినపడుతుంది: “సార్, కారు కొన్నాను. ఈఎంఐ, పెట్రోలు అంతా ఖర్చులో పెట్టేయొచ్చు కదా?” అడిగేది ఎల్‌ఐసీ ఏజెంటు కావచ్చు, రేణిగుంట వైపు సైట్లు చూసుకునే సివిల్ ఇంజనీరు కావచ్చు, తిరుమలకు బాడుగ కారు తిప్పే ఓనరు కావచ్చు. కారు అందరికీ కారే. జవాబు మాత్రం ముగ్గురికీ మూడు రకాలు. ఎందుకంటే అది చేసే పనిని బట్టి, రిటర్న్ వేసే పద్ధతిని బట్టి మారిపోతుంది.

సొంతంగా సంపాదించుకునేవాళ్లకు చట్టంలో రెండు దార్లున్నాయి. మొదటిది అంచనా లాభం. వచ్చిన డబ్బులో ఇంత శాతం లాభమని చట్టమే లెక్కగట్టేస్తుంది, పుస్తకాలు రాయక్కర్లేదు, ఐటీఆర్-4 చాలు. రెండోది అసలు లెక్కలు. ప్రతి ఖర్చూ రాసుకుని, బిల్లు దాచుకుని, మిగిలినదే లాభమని ఐటీఆర్-3లో చూపించడం. బండి ఖర్చును విడిగా తగ్గించుకునే వీలు ఈ రెండో దారిలోనే ఉంది. అంచనా లాభంలో పెట్రోలు, తరుగుదల (బండి పాతబడే కొద్దీ ఏటా తగ్గే విలువ), డ్రైవర్ జీతం అన్నీ ఆ శాతంలోనే కలిసిపోయాయని చట్టం అనుకుంటుంది. వ్యాపారులకు అంచనా లాభం చెప్పే సెక్షన్ 44ఏడీ కింద 8 శాతం చూపించి, అందులోంచి మళ్లీ కారు తరుగుదల తీసేస్తానంటే కుదరదు.

ఇక్కడ రాసే సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి అవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది. అందులో అంచనా లాభం సెక్షన్లయిన 44ఏడీ (వ్యాపారాలు), 44ఏడీఏ (వృత్తులు), 44ఏఈ (సరుకు రవాణా బండ్లు) మూడూ సెక్షన్ 58 కిందికి చేరాయి. నంబర్లు మారాయని కంగారు పడొద్దు, రెండు దార్లూ అక్కడా ఉన్నాయి.

ముందు అసలు పన్ను పడుతుందా చూడండి

చాలామంది దాటేసే లెక్క ఇది. కొత్త పన్ను విధానంలో 2025-26కు మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే 87ఏ రిబేటు వల్ల పన్ను సున్నా. కొత్త విధానమే ఇప్పుడు డిఫాల్ట్. ఇందులో 80సీ లాంటి మినహాయింపులు పోయాయి గానీ, వ్యాపార ఖర్చులు, మామూలు తరుగుదల ఎక్కడికీ పోలేదు.

44ఏడీలో బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపించాలి. తిరుచానూరు రోడ్డులో హోల్‌సేల్ అంగడి ఉందనుకోండి. ఏడాదికి 2 కోట్ల అమ్మకం, అంతా అకౌంట్లోకే వచ్చిందనుకుందాం. 6 శాతం అంటే 12 లక్షలు. ఇంటి అద్దె, వడ్డీ లాంటి వేరే ఆదాయం లేకపోతే పన్ను కట్టేదేమీ లేదు. ఆయన బొలెరో తరుగుదల కోసం ఏడాదంతా బిల్లులు పోగేస్తే వచ్చే లాభం? ఏమీ లేదు.

44ఏడీఏ కథ కూడా అంతే. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు లాంటి వృత్తులవాళ్లు వచ్చిన ఫీజులో సగం లాభంగా చూపిస్తే చాలు. 24 లక్షలు ఫీజు వచ్చిన ఇంజనీరుకు 12 లక్షలు ఆదాయం, పన్ను సున్నా. ఆయన కారు పాతదైనా కొత్తదైనా తేడా లేదు.

కాబట్టి కారు గురించి అడిగేవాళ్లలో చాలామందికి ఆ కారు లెక్కతో పనే లేదు. నిజంగా పని ఉన్నవాళ్లు కొందరున్నారు. వాళ్లేమో కాగితాలు దాచుకోరు. ఇక వాళ్ల సంగతి చూద్దాం.

ఏజెంట్లకు ఎంచుకునే అవకాశమే లేదు

ఇన్సూరెన్స్ ఏజెంట్లు, బ్రోకర్లు, మండీలో కమీషన్ మీద వ్యాపారం చేసేవాళ్లకు 44ఏడీ వర్తించదు. కమీషన్, బ్రోకరేజ్ ఆదాయాన్ని ఆ సెక్షన్ నుంచి పక్కన పెట్టేశారు. తెలిసో తెలియకో ఏజెన్సీ కమీషన్‌ను ఐటీఆర్-4లో వేసేస్తున్నవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను) ఏ సెక్షన్ కింద కోశారో మీ పేరు మీద జమైన పన్నుల పట్టిక, ఫామ్ 26ఏఎస్‌లో కనిపిస్తూనే ఉంటుంది, అది కమీషన్ అని డిపార్ట్‌మెంట్‌కు ముందే తెలుసు.

వీళ్లకు అసలు లెక్కలే దారి. అలాగని భయపడాల్సిందేమీ లేదు. రాబడి కోటి దాటితే తప్ప ఆడిట్ అక్కర్లేదు. బండి ఖర్చు నిజంగా పనికొచ్చేది వీళ్లకే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫీసు అద్దె, అసిస్టెంట్ జీతం పోగా 15 లక్షలు మిగిలిన ఏజెంటు. 9 లక్షల కారు, దాని మీద 15 శాతం తరుగుదల 1,35,000. లోను వడ్డీ 55,000. పెట్రోలు 84,000. ఇన్సూరెన్సు, సర్వీసు కలిపి 36,000. మొత్తం 3,10,000. ఇందులో 70 శాతం పని కోసం వాడారనుకుంటే 2,17,000 ఖర్చుగా తీసుకోవచ్చు. కొత్త విధానంలో 15 లక్షల మీద సెస్‌తో కలిపి పన్ను 1,09,200. ఆదాయం 12,83,000కు దిగితే 75,348. మిగిలేది 33,852 రూపాయలు. ఏడాది పొడుగునా చిన్న నోటుబుక్కులో తిరుగుళ్లు రాసుకున్నందుకు తక్కువేం కాదు. రెండో ఏడాది నుంచి తరుగుదల మిగిలిన విలువ మీదే లెక్కేస్తారు కాబట్టి ఈ మొత్తం కొంత తగ్గుతూ వస్తుంది.

పై లెక్కలో ఈఎంఐ అన్న మాట ఎక్కడా లేదు, గమనించారా? నెలనెలా కట్టే ఈఎంఐలో అసలు ఒక భాగం, వడ్డీ ఒక భాగం. ఖర్చు కిందికి వచ్చేది వడ్డీ ఒక్కటే. అసలు కట్టడమంటే అప్పు తీర్చడం. కారు ఖరీదు తరుగుదల రూపంలో ఎలాగూ వస్తోంది కదా. ఏప్రిల్‌లో బ్యాంకు దగ్గర వడ్డీ సర్టిఫికెట్ తీసుకుంటే రెండూ విడివిడిగా ఉంటాయి. ఈఎంఐ మొత్తాన్ని ఖర్చులో వేసి, పైన తరుగుదల కూడా వేస్తే ఒకే కారుకు రెండుసార్లు ఖర్చు రాసినట్టు. నోటీసు వస్తే దొరికిపోయేది ముందుగా ఇక్కడే.

బాడుగ కార్లు, లారీలు

ఎల్లో బోర్డు కారుకు తరుగుదల 30 శాతం. మామూలు కారుకు అందులో సగమే, 15. కిరాయికి తిప్పే వ్యాపారంలో వాడితేనే 30. అసలు లెక్కలు రాస్తే టాక్సీ ఓనరుకు ఖర్చులు భారీగా వస్తాయి: డీజిల్, టైర్లు, పర్మిట్, ఫిట్‌నెస్, డ్రైవర్ బత్తా. అయినా ఒకటి రెండు కార్లున్నవాళ్లకు నా సలహా 44ఏడీలోనే ఉండమని. ఏడాదికి 10 లక్షల బాడుగ, అందులో 6 లక్షలు యూపీఐ, 4 లక్షలు నగదు అనుకుంటే చూపించాల్సిన కనీస లాభం 36,000, 32,000 కలిపి 68,000 మాత్రమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండో కారుకు లోనుకు వెళ్తే బ్యాంకు మేనేజరు మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతాడు. ఏడాదికి 68 వేల ఆదాయమున్న మనిషికి నెలకు 15 వేల ఈఎంఐ లోను ఎవరిస్తారు? ఆ 6, 8 శాతాలు చట్టం చెప్పే కనీసం. నిజంగా మిగిలింది 2 లక్షల 80 వేలైతే 44ఏడీలోనే ఉండి అంతే చూపించండి. పుస్తకాలు అక్కర్లేదు, పన్ను కూడా పడదు, లోను ఫైలు కూడా కదులుతుంది. నిజానికి సంపాదన అంతకంటే ఎక్కువని తెలిసీ కనీసమే చూపించడం చట్టం ఉద్దేశం కూడా కాదు.

సరుకు రవాణా బండ్లకు నియమం వేరు. 44ఏఈలో రాబడితో సంబంధమే లేదు, బండిని బట్టి లాభం. మొత్తం బరువు 12 టన్నులు దాటని బండికి నెలకు 7,500. దాటితే టన్నుకు నెలకు వెయ్యి. ఏడాదిలో ఏ రోజునా 10 బండ్లకు మించి ఉండకూడదు. టమాటా, మామిడి లోడ్లకు తిప్పే రెండు మినీ ట్రక్కులుంటే ఏడాదికి 1,80,000 లాభం. 25 టన్నుల లారీ ఒకటుంటే 3 లక్షలు.

ఇందులో చాలామందికి తెలియనిది: బండి తిరిగిందా లేదా అన్నది చట్టం చూడదు, మీ పేరు మీద ఉందా అన్నదే చూస్తుంది. చిత్తూరు వైపు తోతాపురి సీజన్‌లో మూడు నెలలు తిప్పి, మిగతా కాలం షెడ్డు దగ్గర నిలబెట్టిన బండికి కూడా పన్నెండు నెలల లెక్కే. నెల మధ్యలో కొంటే ఆ నెల మొత్తం లెక్కే. ఫైనాన్స్‌లో ఉన్నా ఓనరు మీరే. బండి యాక్సిడెంటై నెలల తరబడి మెకానిక్ షెడ్డులో ఉండి, నిజంగా నష్టమే వచ్చిన ఏడాది మాత్రం అసలు లెక్కలకు మారడం మేలు కావచ్చు. దానికి పుస్తకాలు, ఆడిట్ రెండూ కావాలి, ఆడిట్ ఫీజు ముందే కనుక్కోండి. ఊరట ఏమిటంటే 44ఏఈలో మరుసటి ఏడాది వెనక్కి రావచ్చు.

44ఏడీలో ఆ వెసులుబాటు లేదు. ఒకసారి అందులో రిటర్న్ వేసి, తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా బయటికి వస్తే, మళ్లీ ఐదేళ్ల దాకా లోపలికి రానివ్వరు. పైగా ఆ ఏళ్లలో ఆదాయం స్లాబులు మొదలయ్యే కనీస పరిమితి (రిబేటు చెప్పే 12 లక్షలు కాదు, అంతకంటే తక్కువ) దాటితే పుస్తకాలు, ఆడిట్ తప్పవు. కొత్త కారు తరుగుదల మొదటి ఏడాది బాగా కనిపిస్తుందని దీంట్లోంచి దూకేయడం తెలివైన పని కాదు.

ఫీజు 24 లక్షలు దాటిన వృత్తులవాళ్లు

ఇక్కడే నిజమైన ఎంపిక ఉంది. 44ఏడీఏ పరిమితి 50 లక్షలు. నగదు 5 శాతం లోపు ఉంటే 75 లక్షలు. 36 లక్షలు ఫీజు వచ్చే ఆర్కిటెక్టు అంచనా దారిలో 18 లక్షలు చూపించాలి, పన్ను 1,66,400. ఆయనకు స్టాఫ్ జీతాలు, ఆఫీసు, సాఫ్ట్‌వేర్, శ్రీసిటీ దాకా తిరిగే కారు అన్నీ కలిపి నిజంగా 21 లక్షలు ఖర్చైతే లాభం 15 లక్షలే, పన్ను 1,09,200. తేడా 57,200. ఇందులోంచి అకౌంటెంటుకు, ఆడిట్‌కు ఇచ్చేది తీసేయండి. మిగిలినదాన్ని బట్టి తేల్చుకోవాలి. 44ఏడీఏలో ఐదేళ్ల తాళం లేదు కాబట్టి ఏ ఏడాదికా ఏడాది చూసుకోవచ్చు.

ఒక్క కారే ఈ తక్కెడను తిప్పడం అరుదు. ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని పని చేసుకునే కన్సల్టెంటుకు ఖర్చులు ఫీజులో సగానికి దగ్గరగా కూడా రావు. అలాంటివాళ్లు పెద్ద కారు కొని “టాక్స్ కలిసొస్తుంది” అనుకుంటే అది షోరూమ్ వాళ్ల మాట. 20 శాతం స్లాబులో ఉన్న మనిషి లక్ష ఖర్చు చేస్తే మిగిలే పన్ను 20 వేల చిల్లర. మిగతా దాదాపు 80 వేలు ఆయన జేబులోంచి పోయినవే.

స్విగ్గీ, జొమాటో, రాపిడో బైకుల మీద తిరిగేవాళ్లకు ఈ పోలికే అక్కర్లేదు. అంచనా లాభంలో రిటర్న్ వేసి, కోసుకున్న టీడీఎస్ వెనక్కి తెచ్చుకుంటే చాలు.

అసలు లెక్కల దారిలో వెళ్తే

కిలోమీటరుకు ఇంత అని ఖర్చు రాసుకోవచ్చని యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు చెప్తుంటాయి. అది అమెరికా, బ్రిటన్ పద్ధతి. మన దగ్గర సొంత వ్యాపారస్తులకు అలాంటి రేటు లేదు. నిజంగా పెట్టిన ఖర్చు, అందులో పనికి వాడిన వాటా, అంతే. కొంత ఇంటికి, కొంత పనికి వాడే బండికి సహేతుకమైన వాటా మాత్రమే ఒప్పుకుంటామని సెక్షన్ 38 చెప్తుంది. శాతం ఎంతో చట్టం చెప్పదు. అది అధికారి నిర్ణయించేది. ఆ శాతం ఎలా వచ్చిందో చూపించే బాధ్యత మీది.

దానికి నోటుబుక్కును మించినది లేదు. కారు డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఒక లైను ఇలా ఉంటే చాలు: “జూన్ 11, తిరుపతి–పుత్తూరు–నగరి, రెండు పాలసీల సంతకాలు, మీటరు 41,230 నుంచి 41,348.” తేదీ, ఊరు, పని, మీటరు. ఏడాది చివర పని కిలోమీటర్లను మొత్తం కిలోమీటర్లతో భాగిస్తే మీ శాతం వచ్చేస్తుంది. మార్చి 31 రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో ఏడాది మొత్తం రాసేసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. ఇంకు రంగు, చేతిరాత, అన్నీ గుండ్రటి అంకెలు.

ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఇంకో సాక్ష్యం. టోల్ గేటు, తేదీ, టైము అన్నీ ఉంటాయి. మీకు అనుకూలంగా ఎంత పనికొస్తుందో వ్యతిరేకంగానూ అంతే. అలిపిరి దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. ప్రతి శనివారం తెల్లవారుజామున కారు కొండెక్కినట్టు స్టేట్‌మెంట్ చెప్తుంటే, నోటుబుక్కులో అదే రోజు “క్లయింట్ మీటింగ్” అని ఉంటే ఏ అధికారైనా నవ్వుకుంటాడు. దర్శనానికి వెళ్లిన రోజు దర్శనమనే రాయండి.

బంకులో ఇచ్చే బిల్లు థర్మల్ పేపరు మీద ఉంటుంది, కొన్ని నెలలకు తెల్లకాగితమైపోతుంది. అక్కడే ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పడేయండి. పెట్రోలు యూపీఐతోనో కార్డుతోనో కొట్టిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక ఆరేళ్ల దాకా కాగితాలు ఉంచుకోవాలి.

నగదు దగ్గర జాగ్రత్త. ఒక మనిషికి ఒక రోజులో 10 వేలకు మించి నగదు ఇస్తే ఆ మొత్తం ఖర్చుగా చెల్లదు. మించిన భాగం పోవడం కాదు, మొత్తానికే పోతుంది. నాలుగు టైర్లు 22 వేలకు నగదు ఇచ్చి మార్పించుకుంటే 22 వేలూ పోయినట్టే. డ్రైవర్ జీతం 15 వేలు ఒకేసారి చేతిలో పెట్టినా అంతే. లారీ బాడుగ చెల్లింపులకు మాత్రం ఈ పరిమితి 35 వేలు. కారు కొనేటప్పుడు కూడా 10 వేలకు మించి నగదు రూపంలో ఇచ్చినది కారు ఖరీదులో కలవదు, అంటే దాని మీద తరుగుదల రాదు. ట్రాఫిక్ చలానాలు ఖర్చు కిందికి రావు. స్పీడుగా వెళ్లింది క్లయింట్ కోసమే అన్నా సరే.

ఎప్పుడు కొనాలి, ఎవరి పేరు మీద

ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకు తక్కువ వాడిన బండికి ఆ ఏడాది సగం తరుగుదలే ఇస్తారు. క్యాలెండర్‌లో ఆ గీత అక్టోబరు 3 దగ్గర పడుతుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజు పూజ చేయించి అప్పుడే పనికి తిప్పడం మొదలుపెట్టినవాళ్లకు పూర్తి 15 శాతం. దీపావళి ఆఫర్ కోసం ఆగినవాళ్లకు ఏడున్నర. మిగిలింది తర్వాతి ఏళ్లలో వస్తుంది కాబట్టి ఇది పోయిన డబ్బు కాదు, కాస్త ఆలస్యం. ఆఫర్ పెద్దదైతే ఆగడమే మంచిది.

ఎలక్ట్రిక్ బండ్లకు తరుగుదల పట్టికలో 40 శాతం ఉంది. ఏడాదికి వేల కిలోమీటర్లు తిరిగే ఏజెంటుకు ఇది ఆలోచించదగ్గదే. ఈవీ లోను వడ్డీ మీద లక్షన్నర మినహాయింపు, 80ఈఈబీ, గురించి మాత్రం ఎవరైనా చెప్తే నమ్మకండి. 2023 మార్చి 31 దాకా మంజూరైన లోన్లకే అది.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు కూడా మామూలు కారు మీద కట్టిన జీఎస్‌టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాదు, అంటే తాము కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోలేరు. బాడుగకు తిప్పేవాళ్లు, డ్రైవింగ్ స్కూళ్లు, కార్ల డీలర్లకు మినహాయింపులున్నాయి. అందుకే మిగతావాళ్లు జీఎస్‌టీతో కలిపిన ఖరీదు మీదే తరుగుదల తీసుకోవాలి. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఖరీదులోనే కలుపుతారు. 10 లక్షలు దాటిన కారుకు షోరూమ్‌లో 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది ఖర్చు కాదు, మీరు ముందుగా కట్టిన పన్ను. 26ఏఎస్‌లో చూసి రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోండి, చాలామంది దాన్ని వదిలేస్తున్నారు.

భార్య పేరు మీద బండి కొనడం మన దగ్గర మామూలే, సెంటిమెంటు కూడా. పెట్రోలు, సర్వీసు ఖర్చుల వరకు ఇబ్బంది లేదు. తరుగుదలకు మాత్రం సొంతదారు మీరై ఉండాలి, అక్కడ పేచీ వస్తుంది. “ఆవిడకు అద్దె కడతాను, ఆ అద్దె నా ఖర్చు” అన్న ఉపాయం కూడా వింటుంటాం. మీ డబ్బుతో కొన్న కారైతే ఆ అద్దె ఆదాయాన్ని మళ్లీ మీ ఆదాయంలోనే కలిపేస్తారు. పని కోసం వాడే కారైతే షోరూమ్‌లో బుకింగ్ ఫారం నింపేటప్పుడే మీ పేరు రాయించి, డబ్బు వ్యాపార అకౌంట్ నుంచే పంపండి. ఆర్‌సీ ఒకసారి వచ్చాక పేరు మార్చాలంటే ఆర్‌టీఏ ఆఫీసు చుట్టూ మళ్లీ తిరగాలి.